పటం 4 అని ఉంది, నొక్కితే పటం 5 వచ్చింది: సాదా టెక్స్ట్‌ను వర్డ్ ఫైలుగా మార్చే పనిముట్ల రివ్యూ

నమస్కారం. ముందుగా తెర మీద ఈ పేజీ చూడండి. ఇది ఒక పంపు నిర్వహణ మాన్యువల్. మూడో అధ్యాయంలో ‘వాల్వు మూసే ముందు పటం 4 చూడండి’ అని ఉంది. ఆ 4 మీద నొక్కుతున్నాను. సరైన బొమ్మ దగ్గరికే వెళ్ళింది. కానీ బొమ్మ కింద ఏముందో చదవండి: పటం 5. ఈ ఫైలు తయారు చేసింది నేనే, సరిచూసి పంపిందీ నేనే. తప్పు పట్టుకున్నది మాత్రం చదివినవాళ్ళు.

మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న గుర్తులతో సాదా టెక్స్ట్‌గా రాసే పద్ధతిలో రాసి, వర్డ్ ఫైలుగా మార్చి ఇచ్చాను. అవతలివాళ్ళు వర్డ్‌లోనే మధ్యలో ఒక బొమ్మ చేర్చారు. బొమ్మల కింద ఉన్న అంకెలు సర్దుకున్నాయి. వాక్యాలలో ఉన్నవి కదలలేదు. పంపే ముందు నేను లింకులన్నీ నొక్కి చూసుకున్నాను, అన్నీ పని చేశాయి. లింకు పని చేస్తే క్రాస్ రిఫరెన్సు, అంటే ‘పటం 4 చూడండి’ లాంటి సూచన, పని చేసినట్టే అనుకోవడం నా పొరపాటు.

అందుకే ఈ రోజు అన్ని పనిముట్లకూ ఒకటే పరీక్ష. మార్చిన ఫైలు తెరవాలి, రెండో బొమ్మకు ముందు శీర్షికతో సహా కొత్త బొమ్మ చేర్చాలి, కంట్రోల్ ఏ నొక్కి ఎఫ్9 నొక్కాలి, అంటే అంతా ఎంచుకుని అంకెలను తాజా చేయమనాలి. వాక్యంలోని అంకె మారిందా, లేదా? అంతే.

పనిముట్ల దగ్గరికి వెళ్ళే ముందు ఒక ఫైలు పొట్ట విప్పి చూద్దాం. డాక్ఎక్స్ ఫైలు, అంటే వర్డ్ ఫైలు, నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల వర్డ్ అనే ఫోల్డరు, అందులో డాక్యుమెంట్ డాట్ ఎక్స్ఎంఎల్ కనిపిస్తాయి. వర్డ్‌లో చేత్తో పెట్టిన క్రాస్ రిఫరెన్సు ఇక్కడ ఎలా ఉంటుందో చూడండి. ఫీల్డ్ మొదలు అని ఒక గుర్తు; ఫీల్డ్ అంటే వర్డ్ తానే లెక్కపెట్టి నింపే చోటు. తరువాత ఆదేశం: రెఫ్, పక్కన బుక్‌మార్క్ (ఫైలులో చేరాల్సిన చోటికి పెట్టిన గుర్తు) పేరు, దాని పక్కన బ్యాక్‌స్లాష్ హెచ్. ఆ హెచ్ వల్లే నొక్కితే అక్కడికి వెళుతుంది. ఆ తరువాత 4 అనే అంకె, చివర ఫీల్డ్ ముగింపు గుర్తు. ఈ 4 ఉంది చూశారా, అది జవాబు కాదు, కిందటిసారి వచ్చిన జవాబు. ఎఫ్9 నొక్కినప్పుడే వర్డ్ మళ్ళీ లెక్కపెడుతుంది. బొమ్మ కింద ఉండే అంకెకు సెక్ అనే వేరే ఫీల్డ్ ఉంటుంది. వరుస లెక్క దాని పని.

ఇప్పుడు నా ఫైలులో అదే చోటు చూడండి. రెఫ్ లేదు. ఒక హైపర్‌లింకు, దాని లోపల మామూలు అక్షరంగా 4. వర్డ్‌కు అది లెక్కపెట్టాల్సిన అంకె అని తెలిసే దారే లేదు.

ఇక పనిముట్లు. మొదట పాండాక్. ఒక ఫార్మాట్ ఫైలును ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే ప్రోగ్రాం ఇది, జాన్ మెక్‌ఫార్లేన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు 2006లో మొదలుపెట్టారు. హాస్కెల్ భాషలో రాశారు. ఈ రంగంలో ఏ దారి పట్టినా చివరికి దీని గుమ్మం తొక్కాల్సిందే. అధ్యాయాల శీర్షికలకు తానే బుక్‌మార్కులు పెడుతుంది, లోపలి లింకులన్నీ వర్డ్‌లో పని చేస్తాయి. రిఫరెన్స్ డాక్ అనే ఆప్షన్‌తో మన సొంత స్టైళ్ళున్న ఫైలును నమూనాగా ఇవ్వవచ్చు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. కానీ పాండాక్ ఒక్కటే వాడితే బొమ్మలకు అంకెలు ఉండవు, మనమే రాసుకోవాలి. పరీక్షలో ఫెయిల్.

దానికి తోడుగా పాండాక్ క్రాస్‌రెఫ్ అనే ఫిల్టర్, అంటే మార్చే సమయంలో పాండాక్‌తో కలిసి నడిచే చిన్న ప్రోగ్రాం, ఉంది. బొమ్మకు ఫిగ్ కోలన్ అని మొదలయ్యే పేరు పెట్టి, వాక్యంలో అదే పేరును ఎట్ గుర్తుతో రాస్తే చాలు. బొమ్మలు, పట్టికలు, సమీకరణాలు అన్నిటికీ అంకెలు వేస్తుంది. రాసేటప్పుడు దీనంత హాయి ఇంకొకటి లేదు. రెండు జాగ్రత్తలు. ఏ వెర్షన్ పాండాక్ కోసం తయారైందో ఆ వెర్షన్‌తోనే వాడాలి, లేకపోతే హెచ్చరికలు మొదలవుతాయి. ఆధార గ్రంథాల జాబితా తయారు చేసే సైట్‌ప్రాక్ కూడా వాడుతుంటే ఈ ఫిల్టర్‌ను దానికంటే ముందు నడపాలి. మరి మన పరీక్ష? ఇది లెక్కంతా మార్చే సమయంలోనే పూర్తి చేసి, వర్డ్‌కు ఎండిపోయిన, అంటే మళ్ళీ లెక్కకు రాని, అంకెలు అందిస్తుంది. లింక్ రిఫరెన్సెస్ ఆన్ చేస్తే నొక్కగలిగే అంకెలు వస్తాయి, అవీ ఎండినవే. ఫెయిల్. అయితే ఇది నిజాయితీగల ఫెయిల్: బొమ్మ కింద అంకె, వాక్యంలో అంకె రెండూ పాతవిగానే ఉంటాయి, వెంటనే అనుమానం వస్తుంది. పాండాక్ మీదే నడిచే క్వార్టో కూడా దాదాపు ఇదే కథ. కోలన్ బదులు హైఫన్, ఫలితం అదే.

డాక్యుమెంట్లు తయారు చేసే స్ఫింక్స్ అనే పనిముట్టు వాడేవారికి ఒక్క మాట. మీరు రాసే రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్‌ను (మార్క్‌డౌన్ లాంటిదే) నేరుగా పాండాక్‌కు ఇస్తే రెఫ్, నంరెఫ్ లాంటి స్ఫింక్స్ సొంత గుర్తులు దానికి అర్థం కావు. కోడ్ ముక్కల్లా మిగిలిపోతాయి. అలాంటిదే ఇంకో రాత పద్ధతి ఆస్కీడాక్ వారికి, ఆస్కీడాక్టర్ అనే ప్రోగ్రాంతో డాక్‌బుక్ అనే ఎక్స్ఎంఎల్ ఫార్మాట్‌గా మార్చి, అక్కడి నుంచి పాండాక్‌కు ఇవ్వడం పాత రాజమార్గం. పేర్లు వస్తాయి, లింకులు వస్తాయి. లెక్క రాదు.

ఇప్పుడు నన్ను ముంచిన ఆప్షన్ దగ్గరికి వద్దాం. పాండాక్‌లో డాక్ఎక్స్ అనే ఫార్మాట్ పేరు వెనుక ప్లస్ పెట్టి నేటివ్ నంబరింగ్ అని చేర్చవచ్చు. అప్పుడు బొమ్మల కింద నిజమైన సెక్ ఫీల్డులు వస్తాయి. చూసి మురిసిపోయాను. కానీ వాక్యాలలోని లింకులు మాత్రం మామూలు లింకులే. అంటే ఒక చెయ్యి లెక్కపెడుతుంది, రెండో చెయ్యికి ఆ సంగతి తెలియదు. ఎవరైనా బొమ్మ చేర్చి ఎఫ్9 నొక్కారో, మొదట చూపించిన పేజీ తయారు. క్రాస్‌రెఫ్ ఫిల్టర్‌తో కలిపి వాడితే ఇంకో వినోదం: ‘పటం 1’ రెండుసార్లు పడుతుంది. నా దృష్టిలో సగం బతికిన ఫైలు కంటే పూర్తిగా ఎండిన ఫైలు నయం.

చివరిది చాలామంది పట్టించుకోని దారి, ఓడీటీ. ఉచిత ఆఫీసు ప్రోగ్రాం లిబ్రెఆఫీస్ వాడే ఫార్మాట్ ఇది. 2006లోనే ఐఎస్ఓ 26300 పేరుతో ప్రమాణమైంది. ఇక్కడ పాండాక్‌కు డాక్ఎక్స్‌లో లేని ఒక విద్య వచ్చు. ఓడీటీ వెనుక నేటివ్ నంబరింగ్‌తో పాటు ఎక్స్‌రెఫ్స్ నంబర్ అనే మాట కూడా ప్లస్‌తో చేర్చండి. అప్పుడు లోపలి లింకులన్నీ నిజమైన క్రాస్ రిఫరెన్సు ఫీల్డులుగా మారతాయి. అంకెకు బదులు శీర్షిక మాటలే కావాలంటే ఎక్స్‌రెఫ్స్ నేమ్ ఉంది. ఎక్స్‌రెఫ్స్ నంబర్‌తో అంకె మాత్రమే వస్తుంది కాబట్టి దాని ముందు ‘పటం’ అనే మాట మనమే రాసుకోవాలి. అధ్యాయాల అంకెలు కావాలంటే నమూనా ఫైలులో శీర్షికలకు నంబరింగ్ ముందే పెట్టి ఉంచాలి.

పరీక్ష చేద్దాం. లిబ్రెఆఫీస్ రైటర్‌లో తెరిచాను, ఎఫ్9తో ఒకసారి తాజా చేశాను. కొత్త బొమ్మ పెట్టి శీర్షిక చేర్చుతున్నాను. ఇక్కడ ఆగండి. శీర్షిక పెట్టెలో వర్గం అడుగుతుంది. పాండాక్ తన బొమ్మలను ఇలస్ట్రేషన్ అనే వర్గంలో లెక్కపెడుతుంది. మీరు ఫిగర్ అని ఎంచుకుంటే పక్కనే ఇంకో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, వాక్యాలలో అంకెలు కదలవు, తప్పు పాండాక్‌దని మీరు తిట్టుకుంటారు. ఇలస్ట్రేషన్ ఎంచుకున్నాను. ఎఫ్9. వాక్యంలో 4 పోయి 5 వచ్చింది. పాస్.

అవతలివాళ్ళు వర్డ్ ఫైలే అడిగితే లిబ్రెఆఫీస్ నుంచే డాక్ఎక్స్‌గా భద్రపరచండి. కానీ నమ్మి పంపేయకండి. ఆ డాక్ఎక్స్‌ను వర్డ్‌లో తెరిచి ఇదే పరీక్ష మొదటి నుంచి చేయండి. వర్డ్‌లో కంట్రోల్ ఏ ప్రధాన పాఠాన్నే ఎంచుకుంటుంది. ఫుట్‌నోట్లలోకి, హెడర్లలోకి విడిగా వెళ్ళి ఎఫ్9 నొక్కాలి.

మీరు ఇచ్చే ఫైలును ఎవరూ ముట్టుకోరు, చదవడమే అయితే ఈ తిప్పలేమీ అవసరం లేదు, క్రాస్‌రెఫ్ ఫిల్టర్ చాలు. నేను కూడా అలాంటి వాటికి అదే వాడుతున్నాను. పంపు మాన్యువల్‌ను మాత్రం ఓడీటీ దారికి మార్చేశాను. దాని కొత్త ప్రతిలో ఎనిమిదో పటానికి ముందు నిన్ననే ఇంకో బొమ్మ చేర్చమన్నారు.