సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు

అందరికీ నమస్కారం. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశమంటే సిలబస్ లెక్కలు, రిజిస్టర్లతోనే పొద్దుపోతుంది. ఈసారి ప్రతి తరగతిలో అభ్యసన వైకల్యం వల్ల, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బంది వల్ల, వెనక బెంచీకి చేరే ముగ్గురు నలుగురి గురించి మాట్లాడమన్నారు. సంతోషం.

వీళ్లు ఆటల్లో చురుకు. కొట్టుకు పంపితే చిల్లర లెక్క తప్పదు. పాఠం నోటితో అడిగితే చెప్తారు. పుస్తకం చేతికిస్తే మాత్రం నీళ్లు నములుతారు. బడిలో వీళ్లకు 'మొద్దు' అని పేరు పడుతుంది, ఇంట్లో 'ధ్యాస లేదు' అని వీపు మీద పడుతుంది.

డిక్టేషన్లో 'పద్యం' అంటే 'పదయం' అని రాసే పిల్ల ఉంటుంది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టే ముందు ఒకసారి చూడండి. పదం సరిగ్గానే వింది, అక్షరాల వరుస తప్పలేదు. యవత్తు ఒక్కటే కిందికి దిగలేదు. 'పాలు'కు 'పలు' అని రాసేవాడి ఇబ్బంది వేరు, వాడికి దీర్ఘం చెవికి ఆనడం లేదు. ఇద్దరినీ పదేసి సార్లు రాయమంటే తప్పునే ప్రాక్టీసు చేస్తారు. ఆ పిల్లకు అక్షరాలు, ఒత్తులు విడివిడిగా అట్టముక్కల మీద రాసిచ్చి, 'ద' కింద యవత్తు తనచేతే పెట్టించి చదివించండి. పిల్లవాడితో చప్పట్లు కొట్టించండి: హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ఛందస్సులో మనం నేర్చుకున్న మాత్రల లెక్కే ఇది, తెలుగు మాస్టార్లకు నేను చెప్పక్కర్లేదు.

లెక్కల్లోనూ అంతే. 'నూట ఐదు'కు 1005 అని రాసేవాడు విన్నది విన్నట్టు 100 పక్కన 5 పెట్టాడు. పుల్లల కట్టలతో వందల గడి, ఒకట్ల గడి నింపి, మధ్యలో పదుల గడి ఖాళీగా ఉందని చూపిస్తే ఆ సున్నా ఎందుకో వాడికి అర్థమవుతుంది.

'నలభై మందితో ఇదంతా ఎక్కడ కుదురుతుంది మాస్టారూ?' అంటారు. నిజమే, ఏకోపాధ్యాయ బడిలో మరీ కష్టం. టైం పట్టని పనులూ ఉన్నాయి. బోర్డు మీదిది దించుకోమనే బదులు రాసిన కాగితం ఇవ్వండి. అందరి ముందూ లేపి చదివించకండి. సైన్సు, సోషల్ స్లిప్ టెస్టుల్లో జవాబు నోటితో చెప్పినా మార్కులు వేయండి. అన్నిటికంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. కళ్లద్దాలు లేక వెనకబడ్డ పిల్లలు కూడా ఈ గుంపులోనే కలిసిపోతారు.

ఇక చట్టం సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదీ చేరింది. ఆ చట్టం కింద కేంద్రం ఇచ్చిన 2018 మార్గదర్శకాలు మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ల వయసులో, తొలి స్క్రీనింగ్ బాధ్యత టీచర్లకే ఇచ్చాయి. ఎనిమిదేళ్లు నిండకుండా వైకల్య సర్టిఫికెట్ ఇవ్వరన్నాయి. అప్పటికే ఒకటి, రెండు తరగతులు గడిచిపోతాయి. పైగా మన పిల్లల్లో చాలామంది ఇబ్బంది స్వల్పం, సర్టిఫికెట్ దాకా రానే రాదు. అనుమానం ఉంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రం టీచర్లను పిలిపించుకోండి. ఈలోపు మన పని ఆగకూడదు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు 'ట్యూషన్లో వేయండి' అని పంపేయకండి. 'మీవాడికి బుర్ర ఉందమ్మా, ఒత్తుల దగ్గరే తడబడుతున్నాడు' అనండి. అలా విడమరిచి చెప్తే ఇంట్లో దెబ్బలు తగ్గుతాయి.

తలా ఒక పిల్లవాడి నోటుబుక్కు తెమ్మన్నాం కదా, తీయండి. ఎర్రసిరా బాగా పడ్డ పేజీ చూడండి. తప్పులెన్నో లెక్కపెట్టొద్దు, ఒకే రకానివి ఏరి పక్కపక్కన రాద్దాం.