కథా విశ్లేషణ: చదివే వాక్యం, రాసే వాక్యం

ఉపాధ్యాయ మిత్రులకు, సభలోని పెద్దలకు నమస్కారం.

ఒక కథను పాఠంగా చెప్పి, చివర "ఈ కథను విశ్లేషించండి" అని ప్రశ్న ఇస్తే, ఒడిశాలోని మన పర్లాకిమిడిలోనైనా, బరంపురంలోనైనా, గుణుపురంలోనైనా తెలుగు చదివే పిల్లలు రాసుకొచ్చే జవాబు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. మొదట రచయిత పుట్టిన ఊరు, సంవత్సరం, బిరుదులు. ఆ తర్వాత కథాసారాంశం. ఆఖరున "ఈ కథ సమాజానికి కనువిప్పు కలిగిస్తుంది" అనే ఒక వాక్యం. ఆ ఆఖరి వాక్యాన్ని తీసి మరే కథ కింద పెట్టినా అతికినట్టే ఉంటుంది. దీన్ని చూసి పిల్లలకు కథ అర్థం కాలేదని మనం తేల్చేస్తాం. నేను అలా అనుకోవడం లేదు. అదే పిల్లలను నోటితో అడిగితే ఏ పాత్ర ఎక్కడ అబద్ధమాడిందో, ఎవరికి ఎందుకు కోపం వచ్చిందో తడుముకోకుండా చెబుతారు. వాళ్ల దగ్గర లేనిది ఆ తెలిసినదాన్ని కాగితం మీద నిలబెట్టే వాక్యం. వ్యాకరణం పీరియడ్‌లో సంక్లిష్ట, సంయుక్త వాక్యాలు నేర్పుతాం, పాఠం పీరియడ్‌లో కథ చెబుతాం. ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు.

గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' 1910లో అచ్చయింది. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' వచ్చింది కాబట్టి తొలి తెలుగు కథ ఏదన్న వాదం ఇప్పటికీ నడుస్తోంది. ఆ వాదంతో జవాబులో సగం పేజీ నింపే అలవాటును మాత్రం మనం మాన్పించాలి. కథ ఎక్కడ మొదలైందో మనమూ అక్కడే మొదలుపెడదాం. 'దిద్దుబాటు' విరివిగా అచ్చవుతున్న ప్రతిలో మొదటి మాటలు "తలుపు! తలుపు!" అన్నవి. ఆ వెంటనే వచ్చే వాక్యం "తలుపు తెరవబడలేదు."

ఈ రెండో వాక్యం ఒక్కటే బోర్డు మీద రాసి, కథ సంగతి ఏమీ చెప్పకుండా, అదే విషయాన్ని వేరు వేరు విధాలుగా రాయమని పిల్లలను అడగండి. "ఎవరూ తలుపు తియ్యలేదు" అని ఒకరు, "తలుపు తెరుచుకోలేదు" అని ఒకరు, "ఇంట్లోవాళ్లు తలుపు తియ్యలేదు" అని మరొకరు రాస్తారు. ఇప్పుడు ఆ మూడింటినీ గురజాడ వాక్యం పక్కన పెట్టి, ఏది మనల్ని ఏమని నమ్మిస్తోందో చూడమనండి. మొదటిది చదివితే లోపల అసలు మనిషే లేదేమో అనిపిస్తుంది. రెండోదానిలో తప్పు తలుపుదే, గడియ బిగుసుకుపోయిందేమో అనుకోవచ్చు. మూడోది నేరుగా మనుషుల మీద నెపం పెడుతుంది. గురజాడ వాక్యం కర్మణి ప్రయోగం, అంటే పని చేసేవారిని వెనక్కి నెట్టి పనికి గురయ్యేదాన్ని ముందు పెట్టే వాక్యం గనుక, తలుపు తెరవవలసిన మనిషి ఒకరున్నారని తోస్తుంది గాని, ఆ మనిషి ఎవరో తెలియదు. మన వాడుకలో ఈ ప్రయోగం అరుదు. "అన్నం వండబడింది, రండి" అని ఏ ఇంట్లోనూ పిలవరు.

ఆనాటి రాత పద్ధతే అంత, ఇందులో విశేషమేముందని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే అది, పిల్లలు అడిగితే మరీ మంచిది. అప్పుడు తర్వాతి రెండు వాక్యాలు చదివించండి. అతడు ఊరకుండెను, గడియారము ఒంటిగంట కొట్టెను అన్న వాక్యాలు రెండూ మామూలు కర్తరి వాక్యాలే, చేసేదాన్నే కర్తగా చెప్పేవి. అంటే రచయితకు ఆ దారీ చేతిలోనే ఉంది, తలుపు దగ్గర మాత్రం ఆ దారిన వెళ్లలేదు. ఒక మాట మీద అనుమానం వచ్చినప్పుడు అదే పేజీలో దానికి ఎదురు సాక్ష్యం ఉందేమో వెతకడం పిల్లలకు అలవాటైతే, సూక్ష్మపఠనంలో, అంటే మాట మాటా పట్టి చదవడంలో, కష్టమైన భాగం గడిచినట్టే. ఇక కథ ఆఖరుకు వెళితే, తలుపు తట్టిన గోపాలరావు ఇల్లంతా వెతుక్కున్న అతడి భార్య కమలిని మంచం కింద నుంచి నవ్వుతూ దొరికిపోతుంది. మొదటి వాక్యాల్లో కర్త దాగినట్టే, కథంతా ఆ కర్త ఇంట్లోనే దాగి ఉందన్నమాట. దీన్ని పిల్లలు తమంతట తాము కనిపెట్టేదాకా మీరు నోరు మెదపకండి. ఉపాధ్యాయుడికి ఇది చాలా కష్టమైన పని.

కనిపెట్టినదాన్ని రాయించడం తర్వాతి పని. మన పిల్లల సారాంశాలను ఒకసారి వ్యాకరణం దృష్టితో చూడండి: "గోపాలరావు ఇంటికి వచ్చి, తలుపు తట్టి, భార్య కనబడక, నౌకరును పిలిచి..." అంటూ సాగిపోతాయి. అన్నీ క్త్వార్థకాలే, అంటే 'వచ్చి', 'తట్టి' లాంటి అసమాపక క్రియలే. క్త్వార్థకం జరిగినవాటిని వరుసలో నిలబెడుతుంది, అంతకు మించి దానికి పని లేదు. విశ్లేషణకు పనికొచ్చేవి అప్యర్థకమూ ('చెప్పకపోయినా' లాంటిది) చేదర్థకమూ ('రాసి ఉంటే' లాంటిది). మన పిల్లలకు ఈ పేర్లు తెలుసు, పరీక్షలో గుర్తుపట్టి మార్కులు కూడా తెచ్చుకుంటారు; వాటితో ఆలోచించవచ్చని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"తలుపు తెరవబడలేదు" అన్న వాక్యం గురించే ఒక్కో వాక్యం కట్టమని అడగండి. అప్యర్థకంతో కడితే ఇలా వస్తుంది: "తెరవవలసిన మనిషి పేరు చెప్పకపోయినా, అలాంటి మనిషి లోపల ఉందన్న ఊహను రచయిత మొదటే కలిగించాడు." చేదర్థకంతో అయితే: "రచయిత 'కమలిని తలుపు తియ్యలేదు' అని రాసి ఉంటే, కథ మొదలవుతూనే భార్య అలక కథగా తేలిపోయేది." ఈ రెండో వాక్యాన్ని కట్టాలంటే పిల్లవాడు రచయిత రాయని వాక్యాన్ని ఊహించాలి, దాని ఫలితాన్ని తూచాలి. ఆపైన 'కాబట్టి' చేర్చి మూడోది: "కాబట్టి గుమ్మంలో నిలబడ్డ గోపాలరావుకు ఎంత తెలుసో, చదివేవారికీ అంతే తెలుసు." ఈ మూడు వాక్యాలూ కలిస్తే ఒక పేరా అవుతుంది, దానిలో కనువిప్పు ప్రసక్తే ఉండదు.

మన జిల్లాల పిల్లలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడం వల్ల వాళ్లకు రెండు కథాసాహిత్యాలు అందుతాయి. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి కథ 'రేబతి' 1898లో వచ్చింది. అందులో ముసలి నాయనమ్మ రేబతిని తిట్టే తిట్టు కథలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మనవరాలి చదువే ఇంటికి చేటు తెచ్చిందని ఆమె నమ్మకం. తిట్టు మారకపోయినా, ఇంట్లో ఒక్కొక్కరూ పోతున్నకొద్దీ దాని బరువు మారుతుంది. ఒడియాలో చదివి తెలుగులో వాక్యం కట్టమంటే పిల్లలు మొదట ఇబ్బంది పడతారు గాని, అచ్చు వాక్యాన్ని ఎత్తి రాసే వీలు లేకపోవడం వల్ల సొంత వాక్యం తప్పనిసరి అవుతుంది. ఆ పక్కన దిద్దుబాటును పెడితే, ఒక ఇంట ఆడపిల్ల చదువు శాపంగానూ, మరో ఇంట అదే చదువు భర్తకు ఉత్తరం రాసి పాఠం చెప్పగల చేవగానూ కనబడడం ఎనిమిదో తరగతి పిల్లలకైనా అందుతుంది.

భాష గురించి ఒక మాట. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, ఇక్కడి కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు, 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అటు చేరినప్పుడు రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన తిరిగిన ఊళ్లో "ఎలిపోనాడు" అని రాసిన పిల్లవాడి కాగితం ఎర్ర సిరాతో నిండిపోవడం నాకు మింగుడు పడదు. మొదటి చిత్తులో వాడి మాట వాడిని రాయనివ్వండి. "ఎలిపోనాడు గానీ ఆడి మనసు ఎల్లలేదు" అన్న వాక్యంలో విశ్లేషణ ఉంది; రెండో చిత్తులో దాని రూపం మనం దిద్దవచ్చు. మొదటి చిత్తులోనే రూపం దిద్దితే, వాడు మళ్లీ గైడులో వాక్యాన్నే ఆశ్రయిస్తాడు.

ఇక మార్కుల సంగతి. ఐదు వాక్యాల జవాబు చాలు. అందులో ఒకటి కథలోంచి కొటేషన్ గుర్తుల మధ్య ఎత్తిన వాక్యం కావాలి, ఒకటైనా "అలా రాసి ఉంటే" అన్న పద్ధతిలో ఉండాలి. రచయిత జీవిత విశేషాలకు మార్కులు వద్దు. ఇలా ఒక్క పేరా చదివించి రాయించడానికి రెండు పీరియడ్లు పడతాయి, సిలబస్ ఎలా పూర్తవుతుందని మీరు అడుగుతారు. కథాసారాంశం చెప్పే పీరియడ్లను దీనికి వాడుకోండి. సారాంశం గైడుల్లో ఎలాగూ ఉంది.