దుకాణంలో ఒకటే కంప్యూటర్, అందులో విండోస్, లినక్స్

[తెరపై: నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ దుకాణం. మానిటర్ మీద సగం పూర్తయిన శుభలేఖ.]

నమస్కారం. ఈ దుకాణంలో పగలంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు తయారవుతాయి. సాయంత్రం యజమాని కుమార్తె కావలిలోని ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చి, అదే కంప్యూటర్‌పై లినక్స్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 2001లో వచ్చింది, లినక్స్ కోసం అది ఎన్నడూ తయారు కాలేదు. అందువల్ల విండోస్‌ను తీసేస్తే దుకాణం ఆగుతుంది, ఉన్నదానితోనే సరిపెడితే అమ్మాయి చదువు ఆగుతుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కంప్యూటర్ విషయంలోనూ అది నిజమే. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ అన్నీ తన అధీనంలోనే ఉన్నాయన్న లెక్కతో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్, లినక్స్ లాగా కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, పనిచేస్తుంది. అందుకని మనకున్న ప్రధానమైన దారులు రెండు: ఒకటి నడిచేటప్పుడు రెండోది నిద్రలో ఉండడం, అంటే డ్యూయల్ బూట్, లేదా ఒకదానిలోపల రెండోదానికి ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టించి ఇవ్వడం, అంటే వర్చువల్ మెషిన్.

[తెరపై: డిస్క్ మేనేజ్‌మెంట్ కిటికీ, సీ డ్రైవ్ పట్టీ.]

డ్యూయల్ బూట్‌లో అసలు పని డిస్క్‌ను విభజించడమే. మన వైపు పెద్ద కయ్యను గట్టు వేసి రెండుగా చేసినట్టు, సీ డ్రైవ్‌లో ఖాళీగా ఉన్న భాగాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించి, మిగిలిన చోటును లినక్స్‌కు వదలాలి. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుకు కనీసం 25 జీబీ అంటారు గానీ, నా సలహా 60 జీబీ. గట్టు వేయకముందే ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఈ పని రేపటికి వాయిదా వేస్తే, మొత్తం పనినే రేపటికి వాయిదా వేయండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బూట్ వరుస మారినప్పుడు అది ఆ కీని అడగవచ్చు.

చాలామంది వదిలేసే మెట్టు ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా, ఈ సౌకర్యం ఆన్‌లో ఉన్నంతవరకు విండోస్ పూర్తిగా ఆగదు; తన గుండెకాయ లాంటి కెర్నెల్ స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ లేచేటప్పుడు అక్కడి నుంచే కొనసాగుతుంది. ఆ మధ్యలో లినక్స్ అదే డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ గుర్తుపెట్టుకున్న లెక్కకూ డిస్క్‌లో నిజంగా ఉన్నదానికీ పొంతన కుదరక ఫైళ్లు పాడవుతాయి. కనుక కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో దానిని తప్పక ఆపండి.

తర్వాత ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, విండోస్‌తో పాటు ఇన్‌స్టాల్ చేసే ఎంపికను నొక్కితే చాలు. ఆపైన ప్రతిసారీ పవర్ బటన్ నొక్కగానే, మదర్‌బోర్డులోనే ఉండి అన్నిటికంటే ముందు నడిచే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాము, డిస్క్‌లోని చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (విభాగం) నుంచి గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును లేపుతుంది. ఏది కావాలో గ్రబ్ మిమ్మల్ని అడుగుతుంది.

[తెరపై: టాస్క్‌బార్ మూలన గడియారం, ఉదయం 4:30.]

దుకాణం తెరిచింది పదింటికి, విండోస్ చూపుతున్నది నాలుగున్నర. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని ఉంచుతుంది, విండోస్ దానినే స్థానిక సమయంగా చదువుతుంది. మనకు తేడా సరిగ్గా 5:30 గంటలు. స్థానిక సమయాన్నే వాడుకొమ్మని లినక్స్‌కు ఒక ఆదేశంతో చెబితే సరిపోతుంది.

ఇక వర్చువల్ మెషిన్. ర్యామ్ 16 జీబీ ఉంటే నేను దీనినే ముందు సూచిస్తాను, ఎందుకంటే డిస్క్‌ను విభజించనక్కరలేదు, నచ్చకపోతే ఒక ఫైలును తొలగిస్తే పోతుంది. యూఈఎఫ్ఐ సెట్టింగులలో వర్చువలైజేషన్‌ను ఆన్ చేసి, వర్చువల్ మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉబుంటుకు 4 జీబీ ర్యామ్ ఇవ్వండి. ఈ దుకాణంలో మొత్తం ఉన్నదే 4 జీబీ కాబట్టి ఇక్కడ డ్యూయల్ బూట్ తప్ప దారి లేదు.

[తెరపై: నల్లని తెర, ఎడమ మూల గ్రబ్ అన్న ఒక్క మాట.]

లినక్స్ వద్దనుకున్నప్పుడు తీసే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. కొన్నేళ్ల క్రితం ఒంగోలులో మా ఇంటి కంప్యూటర్‌లో నేను నేరుగా లినక్స్ పార్టిషన్‌ను తొలగించాను. మరుసటి ఉదయం వచ్చినది ఈ నల్లని తెరే. విండోస్ కూడా పోయిందని గంటసేపు ఎంతో ఆందోళన పడ్డాను. నిజానికి విండోస్ చెక్కుచెదరలేదు. గ్రబ్ వెతుకుతున్న ఫైళ్లు మాత్రమే ఆ పార్టిషన్‌తో పాటు పోయాయి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ తెరిచి విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకోగానే నా ఫైళ్లన్నీ కనబడ్డాయి. కాబట్టి ముందుగా యూఈఎఫ్ఐలో విండోస్‌ను వరుసలో మొదటికి తెచ్చి, అది తనంతట తాను లేస్తున్నదని ఒకసారి చూసుకున్న తర్వాతనే లినక్స్ పార్టిషన్ మీద చేయి వేయండి.