దేనితో పోలిస్తే ఆ వేగం?

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్లెక్కుతుంటే ఇద్దరు కుర్రాళ్లు గట్టిగా వాదించుకుంటున్నారు. "ఎలైట్ డేంజరస్‌లో యుద్ధనౌక సెకనుకు మూడు నాలుగు వందల మీటర్లు దాటదురా. మన ఫైటర్ జెట్టే అంతకంటే ఫాస్టు. దాన్ని స్పేస్ గేమ్ అంటారా?" అని ఒకడు. "స్పీడ్ పెంచితే గురెలా కుదురుతుంది, కొట్టేదెవర్ని?" అని రెండోవాడు. నేను రోజూ ఫిజిక్స్ పాఠం చెప్పేవాణ్ని, ముప్పై ఏళ్లుగా ఈ గేములు ఆడుతున్నవాణ్ని. ఈ సాయంత్రం ఆ వాదన సంగతే చూద్దాం.

ముందు రెండోవాడి మాట. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఒక శత్రునౌక ఆ వేగంతో మీ ముందు నుంచి దాటిపోతోందనుకోండి. మీ స్క్రీన్ సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య ఆ నౌక దాదాపు 128 మీటర్లు జరిగిపోతుంది. కంటికి కనబడి, మెదడుకు తెలిసి, వేలు బటన్ నొక్కేసరికి పావు సెకను పడుతుంది. అప్పటికి అది రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆడేవాడికి ఏమీ కనబడని యుద్ధం ఎవరికి కావాలి? కాబట్టి రెండోవాడి మాట నిజమే.

మరి మొదటివాడు? అతను అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ మూడు వందల మీటర్ల వేగం దేనితో పోలిస్తే?

రైల్లో వెళ్తుంటే పక్క పట్టాల మీద ఇంకో రైలు అదే వేగంతో వస్తుంది చూడండి. అవతలి కిటికీలో కూర్చున్న మనిషి మీకు కదలనట్టే కనిపిస్తాడు. రెండు రైళ్లూ వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నా, మీ ఇద్దరి మధ్య వేగం సున్నా. మొన్న మన ఇస్రో చేసింది ఇదే. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 మీద స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండు వెళ్లాయి, ఒక్కోటి 220 కిలోలు. రెండూ సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో భూమిని చుట్టేస్తున్నాయి. కానీ ఒకదానికొకటి దగ్గరయ్యేటప్పుడు ఎలా వచ్చాయి? 5 కిలోమీటర్ల దూరంలో ఆగి, ఆ తర్వాత 500 మీటర్ల దగ్గర, 225 దగ్గర, 15 దగ్గర, 3 మీటర్ల దగ్గర ఆగుతూ వచ్చాయి. చివరికి తాకేటప్పటి వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు అని ముందే లెక్క వేసుకున్నారు. చీమ నడక. అనుకున్నదానికంటే ఎక్కువ జరుగుతున్నాయని మధ్యలో వాయిదా కూడా వేశారు. 2025 జనవరి 16న అతుక్కున్నాయి.

అందుకే ఒకే కక్ష్యలో ఉన్న రెండు నౌకలు సెకనుకు వంద మీటర్ల తేడాతో పోట్లాడుకున్నాయంటే నాకు అభ్యంతరం లేదు. నాకు బాధ కలిగించేది వేగానికి పెట్టిన మూత. గాలి లేదు, రోడ్డు లేదు, రాపిడి లేదు. ఇంజన్ మండుతున్నంతసేపూ వేగం పెరుగుతూనే ఉండాలి. ఆపేది ఇంధనం అయిపోవడం ఒక్కటే. మూడు వందల దగ్గర ముల్లు ఆగిపోయిందంటే అక్కడేదో అడ్డం పడుతోందన్నమాట. ఇంకొన్ని గేముల్లో ఇంజన్ ఆపగానే నౌక కూడా ఆగిపోతుంది. ఈవ్ ఆన్‌లైన్‌లో నౌకలు నీళ్లలో జలాంతర్గాముల్లా కదులుతాయి. అంత అందంగా గీసిన ఆకాశంలో చెరువు నీళ్లు నింపినట్టుంటుంది నాకు.

క్యారమ్స్ బోర్డు మీద పౌడర్ చల్లకుండా ఆడి, తర్వాత చల్లి ఆడండి. స్ట్రైకర్ అదే, వేలు అదే, ఆట మాత్రం వేరు. పౌడర్ ఉన్న బోర్డు మీద దెబ్బ కొట్టాక ఏం జరుగుతుందో ముందే ఊహించుకోవాలి. అంతరిక్షంలో ఆ పౌడర్ ఎప్పుడూ చల్లే ఉంటుంది.

ఈ సంగతి మొట్టమొదట గేములు చేసినవాళ్లకే తెలుసు. 1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' రాశారు. ఆ మెషీన్‌లో మెమరీ 4,096 పదాలు, ఒక్కో పదం 18 బిట్లు. ఇవాళ మీరు ఫోన్‌లో పంపే ఒక్క ఫొటోకి కూడా చాలదు. అంత చిన్న చోటులోనే రెండు నౌకలు, వాటికి జడత్వం, మధ్యలో లాక్కునే నక్షత్రం, వెనకాల నిజమైన నక్షత్రాల పటం. టార్పెడోలకు కూడా గురుత్వాకర్షణ లెక్కగట్టే తీరిక మాత్రం ఆ మెషీన్‌కి లేకపోయింది.

మరి ఆ తర్వాత చెరువు ఎక్కణ్నుంచి వచ్చింది? చాలామటుకు సినిమా నుంచి. 1977 నాటి 'స్టార్ వార్స్' పోరాట దృశ్యాలకు జార్జ్ లూకస్ నమూనాగా పెట్టుకున్నవి రెండో ప్రపంచ యుద్ధపు విమానాల ఫిల్ములు. ఒరిగి మలుపు తిరగడం, వెంటపడటం, తోకమీద కూర్చోవడం, అన్నీ గాలిలో రెక్కలున్నవాటి పనులే. గేములు వాటినే దింపుకున్నాయి.

1993లో డేవిడ్ బ్రాబెన్ తను చేసిన 'ఫ్రాంటియర్: ఎలైట్ 2' గేములో న్యూటన్ సూత్రాలను పూర్తిగా తెచ్చిపెట్టారు. నేను మొదటిసారి ఆడిన రోజు ఇప్పటికీ గుర్తే. శత్రువు చుక్కలా కనబడగానే ఇంజన్ మొత్తం తెరిచి మీదికి దూకాను. చూస్తుండగానే వాణ్ని దాటి పోయాను. వెనక్కి తిప్పాను. నౌక ముక్కు తిరిగింది, నౌక మాత్రం ముందు పోతున్న వైపే పోతోంది. ఎంతసేపు వేగం పెంచానో అంతసేపూ ఎదురు మంట మండిస్తేగానీ ఆగను. ఆగి, మళ్లీ ఊపందుకుని, మళ్లీ దాటిపోయాను. చాలామందికి విసుగొచ్చింది. తర్వాత 2014లో వచ్చిన ఎలైట్ డేంజరస్‌లో మళ్లీ మూత పెట్టారు, కానీ నౌక జారిపోకుండా కంప్యూటరే సర్దిపెట్టే 'ఫ్లైట్ అసిస్ట్'ని ఆపేసే వీలు ఇచ్చారు. అది ఆపి, ముందుకు జారిపోతూనే ముక్కు వెనక్కి తిప్పి, వెంటపడేవాడి మీద కాల్చి చూడండి. విమానానికి చేతకాని పని అది. మూత ఉన్నా సరే, ఆ ఒక్క స్విచ్ కోసం ఆ గేమ్‌ని నేను గౌరవిస్తాను.

ఇక భూమి పక్కన యుద్ధమంటే మాటలు కాదు. 1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమిని-4లో వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమను మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ భాగం దగ్గరికి చేరాలనుకున్నాడు. కళ్లముందే ఉంది. దాని వైపు గురిపెట్టి ఇంజన్ మండించాడు. అది ఇంకా దూరమైంది. మళ్లీ మండించాడు, మళ్లీ దూరమే. ఇంధనం దాదాపు సగం ఖర్చయ్యాక వదిలేశారు. ఎందుకలా? ముందుకు తోస్తే కక్ష్య పైకి పెరుగుతుంది. పై కక్ష్యలో చుట్టు పెద్దది, వేగం తక్కువ, మీరు వెనకబడతారు. ముందున్నవాణ్ని పట్టుకోవాలంటే బ్రేకు వేసి కిందికి దిగాలి. అదే ఏడాది డిసెంబర్‌లో జెమిని-6ఏ, జెమిని-7 ఒకదానికొకటి అడుగు దూరంలోకి వచ్చాయి, ఆ లెక్క నేర్చుకున్నాకే. మనలో చాలామందికి ఈ లెక్క కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే గేమ్ నేర్పింది. పరీక్ష కోసం బట్టీపట్టిన కెప్లర్ సూత్రం ఒక రాత్రిలో వేళ్లకు తెలిసిపోతుంది.

మీలో ప్రోగ్రామింగ్ చదివేవాళ్ల కోసం ఒక మాట. కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని దాచుకునే 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలో భూమి కేంద్రం నుంచి దూరం రాశారనుకోండి. కక్ష్యలో అది సుమారు 67 లక్షల మీటర్లు. అక్కడ ఒక సంఖ్యకీ తర్వాతి సంఖ్యకీ మధ్య ఎడం అర మీటరు! స్పేడెక్స్‌లా సెకనుకు 10 మిల్లీమీటర్లు జరగాలంటే ఒక్కో ఫ్రేముకు మిల్లీమీటరులో ఆరో వంతు కలపాలి. కలిపితే పాత సంఖ్యే వస్తుంది. నౌక అసలు కదలదు. కెర్బల్‌లో ఇలాంటి లెక్కల పొరపాట్లకే నౌకలు ఉత్తినే విడివిడి ముక్కలైపోయేవి. ఆడేవాళ్లు దానికి 'క్రాకెన్' అని రాక్షసి పేరు పెట్టారు. నౌకను సున్నా దగ్గర నిలబెట్టి, చుట్టూ ప్రపంచాన్నే కదిలించడం దానికి మందు.

ఆయుధాల గురించి క్లుప్తంగా చెబుతాను. కిలో బరువున్న వస్తువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో తగిలితే, దాదాపు కిలో టీఎన్‌టీ పేలినంత శక్తి. పేలుడు పదార్థం అక్కర్లేదు. 2019 మార్చి 27న మిషన్ శక్తిలో మన క్షిపణి దాదాపు 283 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని పగలగొట్టింది కేవలం గుద్దుకుని. అంతకుముందు సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-3 మీద నిజమైన తుపాకే ఉండేది. గురి పెట్టాలంటే కేంద్రం మొత్తాన్ని తిప్పాలి. ఏ గేములోనైనా ఇది పెడితే నేను కొనుక్కుంటాను.

నా మాటలు ఇంతే. ఈ ల్యాప్‌టాప్‌లో 1962 నాటి స్పేస్‌వార్, పాత మెషీన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ మీద నడుస్తోంది. మెట్ల మీద వాదించుకున్న ఇద్దరూ ముందుకు రండి బాబూ, చెరో పక్కా కూర్చోండి. తొందరపడి కాల్చకండి. ముందు ఇంజన్ ఒక్క క్షణం నొక్కి చెయ్యి తీసేయండి. మధ్యలో ఉన్న ఆ చుక్క మీ ఇద్దర్నీ ఎటు లాక్కెళ్తుందో చూద్దాం.