థర్మండ్: బండ్లు ఆగినన్నాళ్లు వెలిగిన ఊరు

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఈరోజు నేను చెప్పబోయే ఊళ్లో ఐదుగురు మనుషులున్నారు. ఐదు వేలు కాదు, ఐదుగురే. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, న్యూ రివర్ అనే నది ఒడ్డున ఉంటుంది, పేరు థర్మండ్. 2010 జనాభా లెక్కల్లో ఐదుగురు, 2020 లెక్కల్లోనూ ఐదుగురే. 1900ల మొదట్లో ఇదే ఊరికి రోజుకు 15 పాసింజర్ బండ్లు వచ్చేవి, ఏడాదికి 95,000 మంది దాకా ఆ స్టేషన్లో ఎక్కీ దిగీ చేసేవారు, రెండు బ్యాంకులుండేవి. వెస్ట్ వర్జీనియా అనగానే బొగ్గు గుర్తొస్తుంది కాబట్టి, బొగ్గు అయిపోయింది, ఊరు ఖాళీ అయింది అని చాలామంది తేల్చేస్తారు. నా పేచీ అక్కడే. బొగ్గు బండ్లు ఇవాళ్టికీ ఆ ఊరి మీదుగానే వెళ్తున్నాయి. ఆగడం మానేశాయి, అంతే. ఆ ఆగడం గురించే ఇవాళ నా మాటలన్నీ.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నది కొండల్ని కోసుకుంటూ లోతైన లోయలో పారుతుంది, ఇటు కొండ, అటు కొండ, మధ్యలో నీళ్లు. కొండ కాలికీ నీళ్లకీ మధ్య కాస్త బల్లపరుపు నేల దొరికితే అది రైలు పట్టాలకే సరిపోతుంది. అందుకని థర్మండ్‌కి మెయిన్ రోడ్డు లేదు. నిజంగానే లేదు. మనకి బజారు వీధి ఉండాల్సిన చోట అక్కడ రైలు పట్టాలున్నాయి. బ్యాంకు, మందుల షాపు, సరుకుల కొట్లు అన్నీ కొండకి వీపు ఆనించి, పట్టాలకేసి మొహం పెట్టి వరసగా నిలబడ్డాయి. తలుపు తీసి బయటికొస్తే ఒక సన్నటి కాలిబాట, ఆ వెంటనే గూడ్స్ బండి. పిల్లల్ని కన్నవాళ్లు అక్కడ ఎలా కాపరం చేశారో ఏమో గాని, 1921 దాకా ఆ ఊరికి బండి రోడ్డే లేదు, రావాలన్నా పోవాలన్నా రైలే దిక్కు.

ఊరికి పేరిచ్చింది కెప్టెన్ విలియం డాబ్నీ థర్మండ్. అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ల తరఫున, అంటే బానిసత్వాన్ని నిలబెట్టాలనుకున్న పక్షాన పోరాడినవాడు. ఆ మాట దాచిపెట్టి ఆయన్ని ఊరి పెద్దమనిషి అని పొగిడితే బాగోదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 1873లో ఒక సర్వే పని చేసిపెట్టినందుకు డబ్బుకి బదులు ఆయనకి 73 ఎకరాలు ముట్టాయి. అప్పటికది ఎందుకూ కొరగాని నేల. కానీ ఆ ఏడాది జనవరి 29నే చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే, వాళ్లు పొట్టిగా సీ అండ్ ఓ అంటారు, వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి ఒహాయో నది దాకా తన లైన్ పూర్తి చేసింది. దాని వెనకున్న ఆసామి కాలిస్ హంటింగ్టన్, కాలిఫోర్నియా వైపు నుంచి ఖండాంతర రైలు మార్గం వేసిన నలుగురు షావుకార్లలో ఒకడు. లైన్ వేసిన కూలీల్లో ఎక్కువమంది అంతకు కొన్నేళ్ల ముందే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు. సమ్మెటతో యంత్రాన్ని ఓడించి అక్కడికక్కడే ప్రాణం విడిచాడని పాటల్లో పాడుకునే జాన్ హెన్రీ కథని ఈ లైన్ మీదున్న బిగ్ బెండ్ సొరంగానికే ముడిపెడతారు.

లైన్ పడగానే బొగ్గు కదిలింది. అదే 1873లో జోసెఫ్ బ్యూరీ అనే ఆయన కొంచెం ఎగువనున్న క్వినిమాంట్ నుంచి ఈ లోయలో మొదటి బొగ్గు లోడు పంపించాడు. పొగ తక్కువ, వేడి ఎక్కువ, ఓడల వాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీల వాళ్లు ఎగబడి కొన్నారు. అయినా థర్మండ్ చాలాకాలం పాటు ఇల్లూ వాకిలీ పెద్దగా లేని చోటుగానే ఉండిపోయింది. దాని దశ తిప్పినవాడు వేరే ఉన్నాడు. నదికి అవతలి ఒడ్డున వేల ఎకరాలకు అధిపతి థామస్ మెకెల్, ఒహాయో మనిషి. రైల్వేతో బేరమాడి, థర్మండ్ దగ్గర నది మీద వంతెన వేయించి, లూప్ క్రీక్ వాగు వెంబడి తన గనుల్లోకి బ్రాంచి లైన్ రప్పించుకున్నాడు. ఆ వాగు పైనున్న గ్లెన్ జీన్ ఊరికి ఆయన భార్య జీన్ పేరే పెట్టారు. ఎప్పుడైతే థర్మండ్ జంక్షన్ అయిందో ఆ రోజు నుంచి దాని జాతకం మారిపోయింది.

ఇక చూడండి, ఏటికి అటొకరు ఇటొకరు. కెప్టెన్ థర్మండ్ బాప్టిస్టు శాఖ క్రైస్తవుడు, నిష్ఠాపరుడు, తన నేల మీద మద్యం అమ్మడానికి వీల్లేదన్నాడు. మెకెల్‌కి అలాంటి పట్టింపులేమీ లేవు. 1901లో వంతెన అవతల తన నేలలో డన్ గ్లెన్ అనే వంద గదుల హోటల్ కట్టించాడు. వ్యాపారులు, గని యజమానులు, పేకాటరాయుళ్లు, అందరూ అక్కడే. ఆ హోటల్లో ఒక పేకాట 14 ఏళ్లపాటు తెగకుండా సాగిందని చెప్పుకుంటారు. ఒకళ్లు లేస్తే ఇంకొకళ్లు కూర్చున్నారట. నరకానికీ థర్మండ్‌కీ ఒక్కటే తేడా, థర్మండ్‌లో ఏరు పారుతుంది అని అప్పట్లో ఒక జోకు. తూర్పు నుంచి వస్తుంటే ఈ లైన్ మీద ముందు క్లిఫ్టన్ ఫోర్జ్, తర్వాత హింటన్ అనే ఊళ్లు తగులుతాయి. వాటి గురించి రైలు వాళ్లు ఇంకోటి అనేవారు: క్లిఫ్టన్ ఫోర్జ్ దాటితే ఆదివారం లేదు, హింటన్ దాటితే దేవుడే లేడు అని. థర్మండ్ హింటన్ దాటాకే వస్తుంది మరి.

టూరిస్టులకి ఈ పేకాట కథే చెప్తారు, ఫోటోలు కూడా వాటివే. నాకు మాత్రం ఈ ముచ్చట విన్న ప్రతిసారీ పక్కనే రెడ్ యాష్ గుర్తొస్తుంది. నది వెంబడి కొంచెం దిగువనే. 1900 మార్చి 6 పొద్దున ఆ గనిలో పేలుడు జరిగి 46 మంది చనిపోయారు. డన్ గ్లెన్ హోటల్ తెరవడానికి ఏడాది ముందు. పేకముక్కల మీద పెట్టిన డాలర్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలంటే ఆ గని వైపు కూడా చూడాలి.

సరే, బండి ఎందుకు ఆగేది? ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, నాకు ఇష్టమైన భాగం ఇదే. చుట్టుపక్కల గనులన్నీ వాగుల వెంబడి, కొండ సందుల్లో ఉన్నాయి. ఒక్కో గనికి పొద్దున్నే ఖాళీ వ్యాగన్లు పంపాలి, సాయంత్రానికి నిండినవి తెచ్చుకోవాలి. చిన్న ఇంజిన్లు బ్రాంచి లైన్ల మీద ఈ పని చేసేవి. తెచ్చిన వ్యాగన్లన్నీ థర్మండ్ యార్డులో విడదీసి, ఎటు పోవాల్సినవి అటు కలిపి, పెద్ద గూడ్స్ బండ్లుగా కూర్చి, తూర్పుకి పోయేవి సముద్రం ఒడ్డున న్యూపోర్ట్ న్యూస్ రేవుకి, పడమటికి పోయేవి ఒహాయో వైపుకి పంపేవారు. 1910 ప్రాంతంలో ఈ ఒక్క స్టేషన్ నుంచి రైల్వేకి వచ్చిన సరుకు రవాణా ఆదాయం సిన్సినాటి, రిచ్‌మండ్ నగరాలు రెంటినీ కలిపినా రాలేదని అంటారు. స్టేషన్ 1904లో కట్టిన రెండంతస్తుల చెక్క భవనం. కింద టికెట్లు, సామాను, పైన సిగ్నళ్లు, టెలిగ్రాఫు. పైనున్నవాళ్లు కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ లైన్ కనపడాలని ఆ కిటికీని ముందుకి పొడుచుకొచ్చేలా కట్టారు.

ఇది సరుకు సంగతి. ఇక ఇంజిన్ సంగతి. స్టీమ్ ఇంజిన్ పాడిగేదె లాంటిది, పని ఉన్నా లేకపోయినా దానికి పొద్దుటా సాయంత్రం చాకిరీ చెయ్యాల్సిందే. నీళ్లు పట్టాలి. బొగ్గు పోయాలి. చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లడానికి పొడి ఇసుక నింపాలి. పొయ్యిలో బూడిద దులపాలి, గడ్డకట్టిన చిట్టెం పొడిచి తియ్యాలి, కీళ్లన్నిటికీ నూనె పెట్టాలి, కొన్నాళ్లకోసారి బాయిలర్ కడగాలి. రాత్రి దాన్ని ఆపేసి తాళం వేసుకుని ఇంటికి పోవడం కుదరదు, ఒకసారి చల్లారితే మళ్లీ ఆవిరి లేవడానికి గంటలు పడుతుంది కాబట్టి నిప్పు కాచుకుని ఉండటానికి ఒక మనిషి ఉండాలి. థర్మండ్‌లో ఇంజిన్ షెడ్డు, నీళ్ల ట్యాంకు, ఇసుక ఎండబెట్టే కొట్టు, మరమ్మతు షాపు వెలిసింది ఇందుకే. వీటిలో పనిచేసేవాళ్లకి అద్దె ఇళ్లు, భోజనాల హోటళ్లు, చాకలి, మంగలి, డాక్టరు, బడి. జీతం రోజున ఈ కొట్లు ఎలా కళకళలాడి ఉంటాయో మన రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లు ఊహించుకోగలరు.

1922లో కట్టిన బొగ్గు టవర్ ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది, చూసి తీరాలి. కాంక్రీటుది, 500 టన్నులు పట్టేది. కింద గోతిలో బొగ్గు గుమ్మరిస్తే యంత్రం దాన్ని బకెట్లతో పైకి తోడేది. ఇంజిన్ వచ్చి కింద ఆగితే పైనుంచి చ్యూట్ దించి లాగడమే, బొగ్గు ధడధడమంటూ టెండర్లో, అంటే ఇంజిన్ వెనక తగిలించిన బొగ్గు బండిలో పడేది. బొగ్గు తీసే చోట, బొగ్గు మోసే బండికి, బొగ్గు తినిపించే టవర్ అన్నమాట. ఇంతకన్నా భద్రమైన ఊరు ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? కట్టినవాళ్లు మాత్రం వందేళ్లకి సరిపడా కట్టారు.

ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. త్వరగా చెప్పేస్తాను. అదే 1922లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి కొట్లు చాలా కాలిపోయాయి. 1930లో డన్ గ్లెన్ హోటల్ తగలబడింది. మాంద్యం వచ్చింది, 1931లో నేషనల్ బ్యాంక్ ఆఫ్ థర్మండ్ మూతపడింది, రెండో బ్యాంకు 1935లో కొండ మీదున్న ఓక్ హిల్ పట్నానికి మారిపోయింది. రెండో బ్యాంకు సంగతి గమనించండి, అది దివాలా తియ్యలేదు, కారు రోడ్డున్న చోటుకి వెళ్లిపోయింది. మోటారు కార్లొచ్చాక జనం లోయ దిగడం మానేశారు. 1930లో 462 మంది ఉన్నారు, ఆ ఊరి చరిత్రలో అదే ఎక్కువ. అయినా ఊరు చావలేదు, ఎందుకంటే ఇంజిన్లకి నీళ్లు కావాలి, బొగ్గు కావాలి, బండి ఆగాలి.

చంపింది డీజిల్. ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికా రైల్వేల్లో చాలామటుకు డీజిల్ వైపు పరిగెడుతుంటే సీ అండ్ ఓ మాత్రం వీలైనన్నాళ్లు వెనకాడింది. మన పెద్ద గిరాకీ బొగ్గు గనులు, వాళ్ల బొగ్గు కొనకుండా చమురు కొంటే ఏం బాగుంటుంది అని వాళ్ల లెక్క. 1947, 48ల్లో బొగ్గుతో నడిచే టర్బైన్ ఇంజిన్లు మూడు చేయించింది, అవి మొండికేశాయి, 1950కల్లా తుక్కులోకి పోయాయి. అప్పటికీ బుద్ధి రాక బొగ్గు లైన్ల కోసం మళ్లీ స్టీమ్ ఇంజిన్లే ఆర్డర్ చేసింది. 1949లో వచ్చిన 1309 నంబరు ఇంజినే బాల్డ్విన్ కంపెనీ అమెరికా రైల్వేల కోసం చేసిన ఆఖరి స్టీమ్ ఇంజిన్. ఎన్నాళ్లు పనిచేసిందనుకున్నారు? ఏడేళ్లు. 1956కల్లా స్టీమ్ మొత్తం పక్కకి తోసేశారు. ఆ 1309ని మాత్రం బాగుచేసి ఇప్పుడు మేరీల్యాండ్‌లో టూరిస్టు బండికి తగిలించారు.

డీజిల్ ఇంజిన్‌కి దారి మధ్యలో చాకిరీ అక్కర్లేదు. ట్యాంకు నింపితే వందల మైళ్లు పోతుంది, రెండు మూడు ఇంజిన్లు కలిపి ఒకే డ్రైవరు నడిపిస్తాడు. రైల్వేకి అది మంచి బేరమే, నేను కాదనను, నిప్పు ముందు ఒళ్లు కాల్చుకునే ఫైర్‌మ్యాన్ బతుకు ఎవరికి కావాలి. కానీ ఏ రోజైతే ఇంజిన్‌కి నీళ్లు అక్కర్లేకపోయిందో ఆ రోజు థర్మండ్‌లో బాయిలర్ కడిగేవాడికీ, ఇసుక ఎండబెట్టేవాడికీ, వాళ్లకి భోజనం పెట్టే హోటలు ఆవిడకీ పని లేకుండా పోయింది. 1960కల్లా ఆ టవర్ కూడా పడుకుంది. మన నెల్లూరు జిల్లా బిట్రగుంట వాళ్లెవరైనా ఇక్కడుంటే ఈ ముక్క వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు, స్టీమ్ షెడ్డు పోయాక రైల్వే ఊరికి ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు అక్కడ ఏముంది? ఆస్తుల్లో ఎక్కువ భాగం నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. 1993లో ఇంజిన్ షెడ్డు కాలిపోయింది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, హోటల్ పోయినందుకు కాదు. స్టేషన్ని 1995లో బాగుచేసి పార్కు వాళ్ల సందర్శకుల కేంద్రం చేశారు. 2020 డిసెంబరులో ఆ లోయంతా న్యూ రివర్ గార్జ్ నేషనల్ పార్కు అయింది, వేసవిలో తెప్పల మీద నది దిగేవాళ్లు తెగ వస్తారు. ఊరికి ఇప్పటికీ మేయరు, కౌన్సిల్ ఉన్నాయండోయ్, ఉన్న మనుషులే పదవులు పంచుకుంటారు. 2015లో ఆ ఐదుగురూ కూర్చుని, స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లపై ఉద్యోగంలో గానీ ఇంటి అద్దె దగ్గర గానీ వివక్ష చూపకూడదని తీర్మానం చేశారు. దేశంలో అలాంటి చట్టం చేసిన అతి చిన్న ఊరని పేపర్లలో వచ్చింది. కెప్టెన్ గారు ఏమనేవారో మరి.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. న్యూయార్క్, షికాగోల మధ్య తిరిగే ఆమ్‌ట్రాక్ కార్డినల్ బండి వారానికి మూడు రోజులు ఆ స్టేషన్ మీదుగా వెళ్తుంది, కానీ ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే ఆగుతుంది, ముందే టికెట్ కొనుక్కోండి. కారులో వెళ్తే ఆఖర్న నది దాటేది రైలు వంతెన పక్కన ఒకే ఒక్క కారు పట్టే దారి, ఎదురుగా ఇంకో కారు వస్తే ఒకరు ఆగక తప్పదు. స్టేషన్ లోపలంతా చూడాలంటే వేసవిలోనే వెళ్లండి. పట్టాలు పాతవేగా, పక్కన నిలబడి ఫోటో దిగుదాం అనుకోవద్దు, అది నడుస్తున్న మెయిన్ లైన్, బొగ్గు బండి వచ్చిందంటే ఆగదు.

ప్రశ్నలుంటే అడగండి, ఇంకో పది నిమిషాలు హాలు మనదే.