కత్తి పక్కన పెట్టిన హీరో: హు గె నటనపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. చైనా చారిత్రక సీరియళ్లను సబ్‌టైటిల్స్‌తో చూసే తెలుగువాళ్లకు హు గె కొత్తేం కాదు. సర్, ఎక్కడ మొదలుపెడదాం?

విమర్శకుడు: 2005లో వచ్చిన ‘చైనీస్ పాలడిన్’తో. తైవాన్ కంప్యూటర్ గేమ్ ఆధారంగా తీసిన సీరియల్. షాంఘై థియేటర్ అకాడమీలో చదివిన కుర్రాడు ఒక్కసారిగా స్టార్ అయిపోయాడు. నవ్వు, చలాకీతనం, కత్తి తిప్పడం: పాత్ర అడిగింది అంతే. మరుసటి ఏడాది ఆగస్టులో కారు ప్రమాదం. సహాయకురాలు చనిపోయింది. అతని ముఖానికి, మెడకు వందకు పైగా కుట్లు పడ్డాయి.

నటన శిక్షకురాలు: అప్పుడు ‘లెజెండ్ ఆఫ్ ది కాండర్ హీరోస్’ సీరియల్ షూటింగ్ నడుస్తోంది. నిర్మాతలు ఇంకొకరిని పెట్టుకోకుండా ఆగారు. 2007లో మళ్లీ మొదలైంది, 2008లో ప్రసారమైంది. ఇలాంటప్పుడు కంటిన్యుటీ పెద్ద తలనొప్పి. ముందు తీసిన షాట్ పక్కన తర్వాతది పడితే ముఖం కలవదు. జుట్టు పాయలు కంటి మీదికి దించాలి, లైటింగ్ మార్చాలి, కెమెరాను రెండో వైపుకు జరపాలి.

వ్యాఖ్యాత: ఆ ప్రమాదమే అతన్ని గొప్ప నటుణ్ని చేసిందంటారు కదా మేడమ్?

శిక్షకురాలు: నేనొప్పుకోనండీ. గాయం ఎవరికీ నటన నేర్పదు. నేర్పింది రంగస్థలం. 2013లో తైవాన్ నాటక దర్శకుడు స్టాన్ లాయ్ నాటకం ‘ఎ డ్రీమ్ లైక్ ఎ డ్రీమ్’ చేశాడు. దాదాపు 8 గంటల నాటకం. ప్రేక్షకులు మధ్యలో కూర్చుంటే నటులు చుట్టూ తిరుగుతూ ఆడతారు. ఎప్పుడూ ఎవరో ఒకరికి మన వీపే కనిపిస్తుంది, అంటే వీపు కూడా నటించాలి. క్లోజప్ ఉండదు. చైనా కాస్ట్యూమ్ సీరియళ్లలో మామూలైన డబ్బింగ్ సాయమూ ఉండదు.

విమర్శకుడు: దాని ఫలితం 2015లో ‘నిర్వాణ ఇన్ ఫైర్’లో కనిపిస్తుంది. 54 ఎపిసోడ్లు, దర్శకులు కోంగ్ షెంగ్, లీ షుయె. హు గె చేసిన పాత్ర మెయ్ ఛాంగ్‌సు, ఒకప్పుడు యువ సేనాని లిన్ షు. విషానికి చేసిన చికిత్సలో ముఖం మారిపోయింది, ఒంట్లో బలం పోయింది. కత్తి పట్టలేడు. అతని వేళ్లు గమనించండి. ఆలోచనలో పడితే చాలు, బట్ట అంచును వేళ్ల మధ్య నలుపుతాడు. అది లిన్ షు అలవాటు. ముఖం మారినా అది మారలేదు. పాత స్నేహితుడు, రాజకుమారుడు జింగ్ చూపు అక్కడే ఆగుతుంది.

శిక్షకురాలు: ప్రతి సీన్‌లో చేస్తే అది ట్రిక్ అయిపోతుంది, అతను పొదుపుగా వాడాడు. ఆ వెడల్పాటి చేతుల అంగీ కూడా తేలిక కాదు. చెయ్యి విసురుగా ఎత్తితే గుడ్డ ముఖానికి అడ్డొస్తుంది. ఒక చేతి మీద ఇంకో చెయ్యి పెట్టే చైనా పాత పద్ధతి నమస్కారంలో మగవాళ్లకు ఎడమ చెయ్యి పైన, చావు సందర్భాల్లో కుడి చెయ్యి పైన. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

వ్యాఖ్యాత: తర్వాత?

విమర్శకుడు: 2016లో షాంఘైలో ఇచ్చే టీవీ అవార్డు మాగ్నోలియాలో ఉత్తమ నటుడు. 2023 డిసెంబరులో హాంకాంగ్ సినిమా దర్శకుడు వాంగ్ కర్-వై తీసిన ‘బ్లాసమ్స్ షాంఘై’, 30 ఎపిసోడ్లు, 1990ల నాటి వ్యాపారి పాత్ర. పుట్టింది షాంఘైలోనే కాబట్టి ఆ ఊరి యాస అతనికి సొంతం. 2024లో మళ్లీ మాగ్నోలియా.

వ్యాఖ్యాత: కొత్తగా చూసేవాళ్లకు ఏం చెబుతారు?

విమర్శకుడు: ‘నిర్వాణ’తో మొదలుపెట్టండి. మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లు పేర్లతో తల తిరుగుతుంది. ముగ్గుర్ని గుర్తుపెట్టుకోండి: పట్టాభిషేకానికి ఎంపికైన యువరాజు, అతనికి పోటీ యు, తండ్రి పక్కన పెట్టేసిన జింగ్. మెయ్ ఛాంగ్‌సు నిలబెట్టేది ఆ మూడోవాణ్ని. ఇది పట్టుకుంటే మిగతా పేర్లు వాటంతటవే కుదురుకుంటాయి.