నోటీసు వచ్చిన రోజున పాలసీ బతికుండాలి

పెద్దలకు, సాటి వైద్యులకు నమస్కారం.

బరంపురం క్యాజువాల్టీల్లో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఇచ్ఛాపురం నుంచి, సోంపేట నుంచి, ఇటు మోహన కొండల మీంచి మనిషిని ఆటోలో వేసుకొచ్చేస్తారు. పాత చీటీలుండవు. ఏ మందులు వాడుతున్నాడో చెప్పేవాళ్లుండరు. కాదని పంపే హక్కు మనకు లేదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పంపాలని మనకూ ఉండదు. అందుకే ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని మన మీద కేసు వేస్తే ఆ పరిహారం, కోర్టు ఖర్చులు భరించే బీమా, దాని సంగతి అందరికంటే ముందు మనకు తెలియాలి.

మాకు జరిగింది చెబుతాను. ఆరుగురం ఒక గ్రూపుగా రెండు మూడు నర్సింగ్‌హోమ్‌లలో రాత్రి డ్యూటీలు చూసేవాళ్లం. ఒప్పందం ముగిసింది, తలో దిక్కు వెళ్లిపోయాం. "ఇక ప్రీమియం దండగ" అని పాలసీ వదిలేశాం. పద్నాలుగు నెలలకు, మేం చూసిన ఒక రోగి తరఫున శ్రీకాకుళం వినియోగదారుల కోర్టు నుంచి నోటీసు వచ్చింది. వైద్యం చేసిన రాత్రి పాలసీ ఉంది, నోటీసు అందిన రోజున లేదు. కంపెనీ పైసా ఇవ్వలేదు. పాలసీలో అలాగే రాసుంది, మేమే చదవలేదు. కేసు చివరికి కొట్టేశారు గానీ వకీలు ఫీజు, శ్రీకాకుళం తిరుగుళ్లు అన్నీ చేతి డబ్బే. మాలో చిన్నవాడికి అప్పటికింకా చదువు అప్పే తీరలేదు. ఆ రోజు వాడి ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

శ్రీకాకుళం ఎందుకంటారా? 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారు కూడా.

మన దేశంలో డాక్టర్ల పాలసీలు ఎక్కువగా క్లెయిము వచ్చిన నాటిని బట్టే నడుస్తాయి. మీ పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ అని ఒకటి ఉంటుంది. ఆ తేదీ తర్వాత చేసిన వైద్యానికే రక్షణ. ఏటా విడవకుండా రెన్యూ చేస్తేనే అది నిలుస్తుంది. కంపెనీ మారితే పాత తేదీనే కొత్త పాలసీలో రాయించుకోండి. గ్రూపు విడిచిపోయేవాళ్లు, తర్వాత వచ్చే నోటీసులకు కూడా పనికొచ్చే పొడిగింపు ఇస్తారేమో అడగండి.

"ఆసుపత్రికి పాలసీ ఉంది కదా" అనే ధీమా ఒకటి ఉంది. 2004లో సవితా గర్గ్ కేసులో, కాంట్రాక్టు డాక్టరు పొరపాటుకూ ఆసుపత్రి జవాబు చెప్పుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. నిజమే. కానీ ఆ పాలసీ ఆసుపత్రి తన కోసం కొనుక్కున్నది. అందులో మీ పేరుందా? కట్టిన పరిహారం మీ దగ్గర వసూలు చేసుకుంటామని ఒప్పందంలో ఎక్కడైనా రాశారా? ఆ వాక్యం వెతకండి.

గ్రూపు పేరున ఒకే పాలసీ ఉంటే ఏడాది మొత్తానికి పరిమితి ఎంతో చూడండి. కోటి రూపాయలు ఆరుగురికీ కలిపి అయితే, ఒక్క కేసు దాన్ని మింగేశాక మిగతా ఐదుగురికి ఆ ఏడాది పాలసీ లేనట్టే. 2013లో ఒక కోల్‌కతా కేసులో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల పరిహారం వేసిన సంగతి మీకు తెలుసు.

జైలు శిక్షకు గానీ కోర్టు జరిమానాకు గానీ పాలసీ అడ్డురాదు. అక్కడ మనల్ని కాపాడేది కేసు షీటే. రోగి ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు చూశాం, పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాం, గంట నిమిషాలతో రాయండి.

పాలసీ కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, ఆ రెట్రోయాక్టివ్ డేట్ ఎక్కడుందో కలిసి చూద్దాం.